ఒక్క బొమ్మతో ప్రోటీన్ అర్థం కాదు

ప్రోటీన్ నిర్మాణం తెలిసిపోయిందంటే ఇక దాని గురించి తెలుసుకోవాల్సింది పెద్దగా ఏమీ మిగలదన్న ధోరణి ఈ మధ్య బాగా పెరిగింది. 2022లో ఆల్ఫాఫోల్డ్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామ్ 20 కోట్లకు పైగా ప్రోటీన్ల నిర్మాణాలను కంప్యూటర్ అంచనాతో గీసి అందరి ముందూ పెట్టింది. 2024లో డేవిడ్ బేకర్, డెమిస్ హసాబిస్, జాన్ జంపర్‌లకు రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది. రావాల్సిందే. ఆ రోజు నేను మనసారా సంతోషించాను. కానీ ఆ వార్త వెంటే మరో మాట కూడా బయలుదేరింది: ఇక ప్రయోగశాలలో ప్రోటీన్ స్ఫటికాలు పెంచి, వాటిమీద ఎక్స్-కిరణాలు పంపి నిర్మాణం తీస్తూ కూర్చోవడం దండగ అని. ఆ మాట నాకు మింగుడు పడదు. ఎందుకు పడదో చెప్పడానికే ఈ వ్యాసం.

నా దగ్గరున్న సాక్ష్యం కొత్తదేమీ కాదు, నలభై ఏళ్ల నాటిది. ఈ.కోలై బ్యాక్టీరియాలో ట్రిప్టోఫాన్ రిప్రెసర్ అనే చిన్న ప్రోటీన్ ఉంది. అమైనో ఆమ్లాన్ని (ప్రోటీన్లను కట్టే ఇటుకను) పట్టుకుని జన్యువులను అదుపు చేసే ప్రోటీన్లలో దీన్ని మించి తరచి చూసినవి తక్కువ. దీని కథ తెలిసినవాళ్లెవరూ ‘నిర్మాణం దొరికింది, పని అయిపోయింది’ అనలేరని నా నమ్మకం.

ముందు దాని పనేమిటో చూద్దాం. మన పేగుల్లో ఉండే ఈ.కోలైకి మనం తిన్న పప్పులోంచో గుడ్డులోంచో ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కొంత అందుతుంది. అందని రోజున తానే తయారు చేసుకోవాలి. ఆ తయారీ ఖరీదైన వ్యవహారం. ఇరవై అమైనో ఆమ్లాల్లోకీ కణం చేత ఎక్కువ ఖర్చు పెట్టించేది ఇదే. ఒక్కో అణువుకు సుమారు 74 ఏటీపీల (కణం శక్తి ఖర్చుకు వాడే అణువుల) శక్తి పోతుంది. కాబట్టి బయట దొరుకుతున్నంతసేపూ లోపల తయారీ ఆపేయడం బ్యాక్టీరియాకు చావుబతుకుల లెక్క. తయారీకి కావలసిన ఎంజైముల జన్యువులు ఐదు ఒకే వరసలో ఉంటాయి. ఆ వరస మొదట్లో ఆపరేటర్ అనే డీఎన్ఏ ముక్క ఉంటుంది. దాని మీద రిప్రెసర్ కూర్చుంటే ఐదు జన్యువులూ ఒకేసారి మూతపడతాయి. రిప్రెసర్ అక్కడ కూర్చోవాలంటే ముందు దానికి ట్రిప్టోఫాన్ తగులుకుని ఉండాలి. అంటే తయారైన సరుకే తన తయారీని ఆపుకుంటోంది.

స్టాన్‌ఫర్డ్‌లో చార్లెస్ యానోఫ్‌స్కీ తన పరిశోధనా జీవితంలో పెద్ద భాగం ఈ ఐదు జన్యువులకే ఇచ్చారు. రిప్రెసర్‌కు తోడుగా అటెన్యుయేషన్ అనే రెండో అదుపు కూడా ఉందని తేల్చింది ఆయన బృందమే. అది మరో పెద్ద కథ, దాని జోలికి ఇక్కడ వెళ్లను.

నేను ఎం.ఎస్సీ. విద్యార్థులకు బయోకెమిస్ట్రీ చెబుతాను. ఈ ఆపరాన్ (ఒకేసారి అదుపయ్యే జన్యువుల వరస) పాఠం వచ్చిందంటే జవాబు పత్రాలన్నింటిలో ఒకటే వాక్యం కనిపిస్తుంది: ‘ట్రిప్టోఫాన్ అంటుకోగానే రిప్రెసర్ రూపం మారుతుంది, అప్పుడది డీఎన్ఏకు అంటుకుంటుంది.’ తప్పు లేదు, మార్కులూ పడతాయి. కానీ ఆ వాక్యం చెప్పవలసిన సంగతినంతా మింగేసి కూర్చుంది. మారింది ఏ భాగం? ఎటు కదిలింది? ఆ కదలికతో డీఎన్ఏకు ఏం సంబంధం? ట్రిప్టోఫాన్‌ను పోలిన మరో అణువు వచ్చి అదే గుంటలో దూరితే ఏమవుతుంది? ఇవేవీ అడగకుండా ‘రూపం మారుతుంది’ అనేయడం అసలు ప్రశ్నకు అడ్డంగా తెర లాగడమే.

1985లో షికాగో విశ్వవిద్యాలయంలో పాల్ సిగ్లర్ బృందం ట్రిప్టోఫాన్‌ను పట్టుకుని ఉన్న రిప్రెసర్ స్ఫటిక నిర్మాణాన్ని ప్రచురించింది. తలా 107 అమైనో ఆమ్లాలున్న రెండు గొలుసులు, రెండూ ఒకే రకానివి. ఒక్కో గొలుసులో ఆరు హెలిక్సులు, అంటే స్ప్రింగులా చుట్టుకున్న భాగాలు. ఆరింటిలో ఐదు అవతలి గొలుసు హెలిక్సులతో పెనవేసుకుపోయి ఉంటాయి. బొమ్మను ఒకే రంగులో చూస్తే ఏది ఎవరిదో విడదీయలేం. ఈ పెనవేతతో నడిమి భాగం గట్టి ముద్దలా తయారవుతుంది. దానికి రెండు పక్కలా రెండు తలలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో తలలో నాలుగో, ఐదో హెలిక్సులు చిన్న మలుపుతో కలిసి ఉంటాయి. డీఎన్ఏను తడిమి చదివేవి ఈ తలలే.

ఈ ఒక్క బొమ్మే ఉండి ఉంటే ఏం తెలిసేది? ట్రిప్టోఫాన్ ఎక్కడ కూర్చుంటుందో తెలిసేది. దానివల్ల ఏమవుతుందో తెలిసేది కాదు. అది 1987లో, ట్రిప్టోఫాన్ లేని ఖాళీ రిప్రెసర్ నిర్మాణం 1.8 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో వచ్చాకే తెలిసింది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు. రెండు బొమ్మలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే నడిమి ముద్ద దాదాపు అచ్చంగా కలిసిపోయింది. తేడా అంతా తలల దగ్గరే. ఖాళీ రిప్రెసర్‌లో తలలు లోపలికి వాలిపోయి ఉన్నాయి. ట్రిప్టోఫాన్ వచ్చి తలకూ నడిమి భాగానికీ మధ్య దూరాక అవి బయటికి జరిగి నిలిచాయి. వదులైన గొడ్డలి పిడిలో చీల దిగగొడితే తల కదలకుండా నిలుస్తుందే, ఇక్కడ ట్రిప్టోఫాన్ చేస్తున్నది ఆ పనే. దాని చదునైన ఇండోల్ వలయం 54వ స్థానంలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లానికీ 84వ స్థానంలోని ఆర్జినిన్‌కూ నడుమ ఇరుక్కుని ఉంటుంది.

ఇంత చిన్న జరుగుబాటు ఎందుకు ముఖ్యమంటే, డీఎన్ఏ మెలిక సుమారు 34 ఆంగ్‌స్ట్రామ్‌లకు ఒక చుట్టు తిరుగుతుంది. రిప్రెసర్ రెండు తలలూ డీఎన్ఏకు ఒకే వైపున, పక్కపక్క చుట్లలోని రెండు పెద్ద గాడుల్లో ఒకేసారి దిగాలి. తలలు లోపలికి వాలితే ఒకటి దిగినా రెండోది దిగదు. ట్రిప్టోఫాన్ వాటిని సరైన ఎడంలో, సరైన కోణంలో నిలబెడుతుంది. ఫలితంగా డీఎన్ఏ మీద పట్టు సుమారు వెయ్యి రెట్లు పెరుగుతుంది. ‘రూపం మారుతుంది’ అన్న రెండు మాటల వెనక ఉన్నది ఇదీ. అది బయటపడింది రెండు బొమ్మల తేడాలో. ఏ ఒక్క బొమ్మలోనూ లేదు.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇప్పుడొస్తుంది. ఇండోల్ ప్రొపియోనిక్ ఆమ్లం అని ఒక అణువు ఉంది. అచ్చం ట్రిప్టోఫానే, కాకపోతే అమైనో గుంపు ఒక్కటి ఉండదు. రిప్రెసర్‌ను ఇది ట్రిప్టోఫాన్ కంటే గట్టిగా పట్టుకుంటుంది. మామూలు లెక్కన చూస్తే ఇది ట్రిప్టోఫాన్‌ను మించి జన్యువులను మూయాలి. జరిగేది దానికి నేరుగా విరుద్ధం: ఇది చేరితే జన్యువులు తెరుచుకుంటాయి. ఎంత గట్టిగా పట్టుకుంది అన్న కొలతలు ఎన్ని తీసినా ఈ చిక్కు వీడదు. 1988లో కేథరీన్ లాసన్, సిగ్లర్ కలిసి ఈ అణువుతో ఉన్న రిప్రెసర్ నిర్మాణాన్ని 1.65 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టతతో చూపించారు. అణువు అదే గుంటలో, అవే ఆర్జినిన్‌ల నడుమ ఉంది. కానీ దాని వలయం 180 డిగ్రీలు తిరగబడి ఉంది. తిరగబడటంతో దాని కార్బాక్సిల్ గుంపు సరిగ్గా డీఎన్ఏ వచ్చి ఆనవలసిన వైపుకు వచ్చింది. ఆ గుంపుకు రుణావేశం, డీఎన్ఏ వెన్నులోని ఫాస్ఫేట్లకూ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. తల సరైన చోటే ఉంటుంది, డీఎన్ఏ మాత్రం దగ్గరకు రాలేదు.

ఇందులో ఎంత సంగతి ఉందో ఒక్కసారి ఆలోచించండి. ట్రిప్టోఫాన్‌లో ఆ అమైనో గుంపు పని ప్రోటీన్‌ను పట్టుకోవడం ఒక్కటే కాదు, అణువు తిరగబడకుండా కాపలా కాయడం కూడా. గట్టిగా పట్టుకోవడం వేరు, సరిగ్గా పట్టుకోవడం వేరు. మందుల తయారీలో ఉన్నవాళ్లు ఒక ప్రోటీన్‌కు బాగా అతుక్కునే అణువు దొరికిందనగానే సంబరపడతారు. అది ఏ దిక్కుకు తిరిగి కూర్చుందో చూడకుండా ఆ సంబరానికి అర్థం లేదు.

అదే 1988లో నాలుగో బొమ్మ వచ్చింది: డీఎన్ఏ మీద కూర్చున్న రిప్రెసర్. జ్‌బిగ్నియెవ్ ఒట్వినోవ్‌స్కీ మొదటి పేరుగా సిగ్లర్ బృందం వేసిన ఆ పత్రం చాలామందిని ఇబ్బంది పెట్టింది. ప్రోటీన్‌కూ డీఎన్ఏ ఫాస్ఫేట్లకూ మధ్య నేరుగా 24 హైడ్రోజన్ బంధాలు, నీటి అణువుల ద్వారా మరో 6 కనిపించాయి. కానీ జన్యు అక్షరాలను నేరుగా ముట్టుకుని గుర్తుపట్టే బంధం, ఈ వరసే ఎందుకు కావాలో చెప్పగలిగిన బంధం ఒక్కటీ లేదు. అక్షరాలను బట్టి డీఎన్ఏ వెన్ను వంగే తీరు మారుతుందనీ, రిప్రెసర్ ఆ వంపును తడిమి అక్షరాలను పోల్చుకుంటుందనీ, మధ్యలో నీటి అణువులు కూడా వాహకాలుగా పనిచేస్తాయనీ వాళ్లు వాదించారు.

నీళ్ల ద్వారా చదవడం ఏమిటని అడిగినవాళ్లున్నారు. 1990లో కొలోన్‌లోని బెన్నో మ్యూలర్-హిల్ బృందం ఇంకా ముందుకెళ్లి, స్ఫటికంలో వాడిన డీఎన్ఏ వరస అసలు సరైన ఆపరేటర్ కాదని తన ప్రయోగాలతో వాదించింది. ఆ వాదన వృథా పోలేదు. దాన్ని తేల్చే పనిలో ఎన్నో ప్రయోగశాలలు దిగాయి. 1993లో లాసన్, జానెట్ కేరీ కలిసి సగం ఆపరేటర్ ముక్కల మీద రెండు రిప్రెసర్లు పక్కపక్కనే ఆనుకుని కూర్చోగలవని మరో స్ఫటికంలో చూపించారు. 1994లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో జిప్పోరా షాకెడ్ బృందం, రిప్రెసర్ ఊసే లేకుండా ఒట్టి డీఎన్ఏ ముక్క నిర్మాణాన్ని తీసింది. ఆ ముఖ్యమైన నీటి అణువులు ప్రోటీన్ రాకముందే ఆ చోట్లలో ఉన్నాయి. అంటే రిప్రెసర్‌కు ఆ నీళ్లు డీఎన్ఏ ఒంట్లో భాగమే. ప్రోటీన్ ఉన్న బొమ్మను ఎంతసేపు చూసినా ఈ జవాబు వచ్చేది కాదు. ప్రోటీన్ లేని బొమ్మ కావలసి వచ్చింది.

ఇంకో వింత కూడా ఉంది. 2004లో లాసన్, కేరీ బృందాలు ఇదే రిప్రెసర్‌ను ఆల్కహాల్ కలిపిన నీటిలో స్ఫటికంగా పెంచితే, ఒక అణువు తల భాగం పక్క అణువులోకి, దానిది ఆ పక్కదానిలోకి దూరుతూ స్ఫటికమంతా ఒకే అల్లికగా తయారైంది. అమైనో ఆమ్లాల వరస అదే, పరిసరం మారింది, నిర్మాణం ఇంకోలా వచ్చింది. ‘ఈ వరసకు ఈ రూపం’ అని ఒకే గీత గీసేవాళ్లు దీన్ని ఎక్కడ సర్దుతారో నాకు తెలుసుకోవాలని ఉంది.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ సంగతి. ‘మేడమ్, ఫోన్లోనే నిర్మాణం కనిపిస్తుంటే స్ఫటికాలు ఎందుకండీ?’ అని ఒక విద్యార్థిని తరగతిలో అడిగింది. మంచి ప్రశ్న. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. 2021 నాటి ఆల్ఫాఫోల్డ్ అమైనో ఆమ్లాల వరస తీసుకుని ఒక రూపం ఇస్తుంది. ట్రిప్టోఫాన్ రిప్రెసర్ విషయంలో ఆ రూపం ఖాళీదా, నిండుదా? తలలు వాలి ఉన్నాయా, నిలబడి ఉన్నాయా? ఆ ప్రశ్న దానికి ఎవరూ వేయలేదు, అది జవాబు చెప్పనూ లేదు. 2024లో వచ్చిన ఆల్ఫాఫోల్డ్ 3 చిన్న అణువులనూ డీఎన్ఏనూ కూడా కలిపి గీస్తుంది. నిజంగా గొప్ప ముందడుగు. కానీ అది నేర్చుకున్నది ఎక్కడ? 1971లో మొదలై ఇప్పటికి రెండు లక్షలు దాటిన ప్రోటీన్ డేటా బ్యాంకు నిర్మాణాల నుంచి. సిగ్లర్ బృందం తీసిన బొమ్మలు కూడా ఆ బ్యాంకులోనే ఉన్నాయి. చూసిన లెక్కను మళ్లీ చేసి చూపించినంత మాత్రాన చూడని లెక్క కూడా చేయగలదని నమ్మలేం. ఇండోల్ ప్రొపియోనిక్ ఆమ్లం తిరగబడినట్టు మరో ప్రోటీన్‌లో మరో అణువు తిరగబడితే, దాన్ని పట్టుకునేది ఎక్స్-కిరణాలే.

స్ఫటికాల వైపు నిలబడ్డంత మాత్రాన వాటి లోపాలు దాచే ఉద్దేశం నాకు లేదు. స్ఫటికం కూడా ఒక్క క్షణాన్ని పట్టి ఆపేసిన బొమ్మే. స్టాన్‌ఫర్డ్‌లో ఓలెగ్ జార్డెట్‌స్కీ బృందం ఎన్‌ఎంఆర్‌తో (అయస్కాంత క్షేత్రంలో అణువులను పరిశీలించే పద్ధతితో) ఇదే రిప్రెసర్‌ను ద్రావణంలో పరిశీలించినప్పుడు తలలు బాగా కదలాడుతూ కనిపించాయి. నడిమి భాగం స్థిరం, తలలు చంచలం. స్ఫటికంలో నిలకడగా కనిపించినది నీళ్లలో అంత నిలకడగా లేదు. దీనితో నా వాదన బలపడుతుందే తప్ప వీగిపోదు: పద్ధతి ఏదైనా ఒక్క బొమ్మ చాలదు.

ఇదంతా ఈ.కోలై ముచ్చటేగా, మనకేమిటని అనుకోవచ్చు. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. క్షయ క్రిమి మన కణాల్లో దాక్కున్నప్పుడు మన రోగనిరోధక వ్యవస్థ అక్కడున్న ట్రిప్టోఫాన్‌ను విరగ్గొట్టి దాన్ని ఆకలితో మాడ్చాలని చూస్తుంది. క్రిమి తనకు కావలసిన ట్రిప్టోఫాన్‌ను తానే తయారు చేసుకుని తట్టుకుంటోందని 2013లో తేలింది. బ్యాక్టీరియా తన అమైనో ఆమ్లాల లెక్కను ఎలా చూసుకుంటుందన్నది మనకు ఊపిరితిత్తుల సమస్య.

లక్నోలోని కేంద్రీయ ఔషధ పరిశోధన సంస్థలో రవిశంకర్ రామచంద్రన్ బృందం ఈ పని చాలా ఏళ్లు చేసింది. క్షయ క్రిమిలో ఆర్‌వీ3291సీ అనే ప్రోటీన్ ఉంది. తిండి దొరికే రోజుల నుంచి కరవు రోజులకు క్రిమి సర్దుకోవడంలో పాత్ర ఉన్న కుటుంబానికి చెందినది. అమైనో ఆమ్లాలను పట్టుకుని జన్యువులను అదుపు చేస్తుంది. 2007లో ఆ బృందం దీని ఖాళీ నిర్మాణాన్నీ, రకరకాల అమైనో ఆమ్లాలతో కలిసిన నిర్మాణాలనూ పక్కపక్కన పెట్టి చూసింది. ఈ కుటుంబంలో అంతకుముందు తెలిసిన గుంట ఒకటి ఉండగా, అమైనో ఆమ్లాలు వచ్చి చేరే మరో కొత్త చోటు కూడా బయటపడింది. ఒకే ఒక్క నిర్మాణంతో తృప్తి పడి ఉంటే ఆ చోటు కళ్ల ముందే ఉండి కూడా కనిపించేది కాదు.

మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాజన్ శంకరనారాయణన్ బృందం చేసిన పని కూడా ఈ కోవలోదే. కణం ప్రోటీన్లలో వాడేది ఎల్-రకం అమైనో ఆమ్లాలు. పొరపాటున వాటికి అద్దంలో ప్రతిబింబంలా ఉండే డి-రకం వచ్చి చేరితే దాన్ని తొలగించే ఎంజైము ఉంది. అది ఎల్-రకాన్ని ఎలా దూరంగా పెడుతుందో 2013లో వాళ్లు చూపించింది అసలు అణువును పోలిన మరో అణువును ఎంజైముతో కలిపి పెంచిన స్ఫటికంతోనే. ఇంకా వెనక్కి వెళ్తే, ప్రపంచంలో ఎక్కడ ప్రోటీన్ నిర్మాణం తీసినా సరిగ్గా ఉందో లేదో చూసుకునే కొలబద్దలలో మొదటిది 1963లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్ బృందం ఇచ్చిన రామచంద్రన్ ప్లాట్. ఈ విద్యలో మనం ఎవరి వెనకా లేం. ఇండోర్‌లోని ఇండస్-2 సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రంలో) ప్రోటీన్ స్ఫటికాల కోసమే ఒక కిరణమార్గం కూడా ఉంది. ఇప్పుడు కంప్యూటర్ ఉంది కదా అని పిల్లలకు స్ఫటికాలు పెంచడం నేర్పకపోతే, పదేళ్ల తర్వాత కొత్త ప్రశ్నకు కొత్త బొమ్మ తీయగలిగినవాళ్లు మన దగ్గర ఉండరు. ఈ చేతిపని పుస్తకం చదివితే వచ్చేది కాదు. ఒక బొట్టులో ఉప్పు ఎంత పెరగాలి, ఏ ఉష్ణోగ్రతలో వదిలేయాలి, సూక్ష్మదర్శినిలో మెరిసింది ప్రోటీనా ఉప్పురవ్వా అన్నది పక్కన అనుభవజ్ఞులు నిలబడి చూపిస్తే తప్ప పట్టుబడదు.

ఖర్చు సంగతి ఎత్తేవాళ్లతో నేను కొంతవరకు ఏకీభవిస్తాను. ప్రతి ప్రోటీన్‌కూ స్ఫటికం పెంచనక్కర్లేదు. మొదటి బొమ్మ కంప్యూటర్ ఇస్తే ఇవ్వనిద్దాం, ఏళ్ల శ్రమ తప్పుతుంది. ఆ మిగిలిన శ్రమా డబ్బూ రెండో బొమ్మ, మూడో బొమ్మ మీద పెట్టాలన్నదే నా పట్టుదల: పట్టుకోవలసిన అణువుతో ఒకటి, అది లేకుండా ఒకటి, దాన్ని పోలిన అణువుతో మరొకటి. నిధులిచ్చే సంఘాలు ‘ఈ ప్రోటీన్ నిర్మాణం ఇప్పటికే ఉంది’ అని దరఖాస్తును పక్కన పెట్టే ముందు, అది ఏ స్థితిలోని నిర్మాణమో అడగాలి.

తరగతి గదిలో మార్పుకైతే రూపాయి ఖర్చు కూడా లేదు. ప్రోటీన్ డేటా బ్యాంకులో 3డబ్ల్యూఆర్‌పీ అంటే ఖాళీ రిప్రెసర్, 2డబ్ల్యూఆర్‌పీ ట్రిప్టోఫాన్‌తో ఉన్నది, 1టీఆర్ఓ డీఎన్ఏ మీద కూర్చున్నది. మూడూ ఉచితం, మామూలు కాలేజీ కంప్యూటర్‌లో తెరుచుకుంటాయి. మొదటి రెండింటి నడిమి భాగాలను ఒకదానిపై ఒకటి సరిపెట్టి, తలలు ఎంత పక్కకు జరిగాయో విద్యార్థుల చేతే కొలిపించాలి. 54, 84 స్థానాల ఆర్జినిన్‌లను వాళ్లే వెతకాలి. మూడోదానిలో నీటి అణువులను తెర మీద కనిపించేలా పెట్టి, ఏవి అక్షరాలకూ ప్రోటీన్‌కూ మధ్య ఉన్నాయో వాళ్లే లెక్కపెట్టాలి. పరీక్షలో కూడా ‘రూపం మారుతుంది’ అన్న వాక్యానికి మార్కులు ఆపేసి, రెండు బొమ్మలిచ్చి ఏది డీఎన్ఏను పట్టుకోగలదో, ఎందుకో రాయమనాలి. వచ్చే సెమిస్టర్ నుంచి నా పేపర్లో ఆ ప్రశ్నే ఉంటుంది.